కొస పట్టినవాడు

ఆ ఎండాకాలమంతా మా వాడకట్టుకు ఒకటే పని, తప్పెవరిదో తేల్చడం. యుద్ధం పుణ్యమా అని నూలుకు కంట్రోలు వచ్చి సగం మగ్గాలు పడుకొని ఉన్నాయి కనుక తీరికకు కొదువ లేదు. అరుగుల మీద కూర్చున్న ముసలివాళ్ల దగ్గర్నుంచి నీళ్ల బిందెతో పోయే ఆడవాళ్ల దాకా ప్రతివాళ్ల దగ్గరా ఒక తీర్పు తయారుగా ఉండేది. పోయింది నా మొగుడు. నన్ను మాత్రం చాలా రోజుల వరకు ఎవరూ అడగలేదు.

ఆయన పేరు మార్కండేయ. బతికున్నప్పుడు ఆ పేరు ఒక్కసారి కూడా నా నోట రాలేదు. మాలో మొగుడి పేరు అనకూడదు. ఇప్పుడు అన్నా పలికేవాడు లేడు, అందుకని రాస్తున్నాను. ఇంట్లో మేం ముగ్గురమే, ఆయన, నేను, ఆయన తల్లి జములమ్మ. మా అత్త చిన్న వయసులోనే మొగుణ్ని పోగొట్టుకొని, కండెలు చుట్టి, వాళ్ల నూలుకూ వీళ్ల నూలుకూ కూలికి గంజి పెట్టి కొడుకును పెంచింది. ఆ కొడుకు తల్లి గీసిన గీటు దాటేవాడు కాదు. నేను పది మాటలు చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేవాడు. తల్లి ఒక్కసారి "మార్కండా" అంటే చాలు, తింటున్నవాడు తింటున్నట్టే లేచేవాడు. ఇందుకోసం నేను ఆయనతో పడ్డ కొట్లాటలు తక్కువేం కాదు.

మాది గద్వాలలో టేషనుకు పోయే బాట మీది సాలెవాడ. పడుగుకు, అంటే మగ్గం మీద నిలువుగా సాగే నూలుకు, గంజి పెట్టాలంటే ఇల్లు చాలదు, వీధి కావాలి. పొద్దు పొడిచేసరికి పడుగును వీధి పొడుగునా చాపి, గంజితో తడిపి, కుంచెతో దువ్వి, ఎండ ముదరకముందే చుట్టేయాలి. చుట్టేటప్పుడు ఒకరు ఈ కొసన కూర్చొని చుడుతుంటే, ఇంకొకరు ఆ కొసన కర్ర పట్టుకొని, వెనక్కి వాలి, ఒంటి బరువంతా వేసి బిగబట్టాలి. వాళ్లు చుట్టేకొద్దీ వీళ్లు అడుగు అడుగూ ముందుకు రావాలి. కొస పట్టినవాడు కాస్త వదిలాడా, బిగువంతా పోయి పోగులు ఒకదాని మీద ఒకటి పడి చిక్కుపడతాయి. తర్వాత నెల రోజులు కూర్చొని విడదీసినా సగం తెగిపోతాయి. అందుకే పొద్దున్నే మా వాడలో ఎక్కువగా వినిపించే మాట "ఇడ్వకు! ఇడ్వకు!" తండ్రి కొడుకును అంటాడు, పెండ్లాం మొగుణ్ని అంటుంది. మొగుడి మీద గట్టిగా అరవడానికి మా ఆడవాళ్లకు ఊరంతా ఒప్పుకున్న సమయం అదొక్కటే.

పడుగు చాపి ఉంటే బండ్లవాళ్లు మూల దగ్గర ఆగేవారు, తొందర ఉన్నవాళ్లు పక్క సందులోంచి పోయేవారు. ఎవరూ ఎవరినీ ఏమీ అనేవారు కాదు. యుద్ధం మొదలయ్యాక ఒక లారీ వచ్చింది. ఇటిక్యాల వైపు నుంచి పల్లీకాయ బస్తాలు టేషనుకు మోసే లారీ, తిమ్మప్ప సావుకారిది. పెట్రోలు దొరక్క దాని వెనక ఒక పెద్ద బొగ్గుల పీపా బిగించారు. ఆ బొగ్గుల పొగతోనే ఇంజను నడిచేదట. దాన్ని తోలేవాడికి మిషను దొరలు పెట్టిన పేరు సామ్యూల్. మా వాడ నోటికి సామేలు. నెమ్మదస్తుడు. మూల తిరగగానే హారన్ కొట్టి, పడుగు ఉంటే అక్కడే ఆగి, చుట్టేదాకా చూసేవాడు.

"ఏం సామేలూ, నీ లారీకి పొద్దుగాల్నే హుక్కా పట్టిచ్చినవా?" అనేవాడు మా ఆయన, కర్ర పట్టుకొనే మెడ తిప్పి.

"ఏం జెయ్యాలన్నా, హుక్కా పీల్సకుంటే లేవనంటది. మా సావుకారి లెక్కనే!" అనేవాడు సామేలు. ఇద్దరూ నవ్వుకునేవారు. వాళ్ల స్నేహం అంత వరకే. సామేలు ఊరి బయట పేటవాడు, మా గడపలోకి వచ్చే మనిషి కాదు.

ఉగాది పోయిన కొన్నాళ్లకు, ఎన్నో నెలల తర్వాత మాకు నూలు దొరికింది. వనపర్తి నుంచి ఒక పెండ్లివారి చీరలు. మా అత్త ఆ నూలు చిలపలను ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసింది. పడుగు పోసిన నాటి నుంచి దాన్ని ఎవరినీ తాకనివ్వలేదు, నన్ను కూడా. ఇది చెడితే మళ్లీ నూలు ఎప్పుడు చూస్తామో ఆమెకూ తెలియదు, కంట్రోలు కొట్టువాడికీ తెలియదు.

ఆ పొద్దున గంజి బాగా ఎక్కింది. దువ్వడం అయింది, ఆరింది. మా అత్త మా ఇంటి ముందు కొసన వంగి చుట్టుతోంది. నేను నడుమన నిలబడి, పోగుల మధ్య గుచ్చిన వెదురు బద్దలను ఒక్కటొక్కటే తీస్తున్నాను. ఆయన ఆ చివర, మూలకు వీపు పెట్టి, కర్ర పట్టుకొని వెనక్కి వాలి ఉన్నాడు.

లారీ మూల తిరిగింది. సామేలు హారన్ కొట్టాడు. ఆయన విన్నాడు. మెడ తిప్పి చూసి, చేయి వదులు చేసి, ఒక అడుగు పక్కకు వేశాడు. ఆ అడుగుకు పడుగు నా ముందు కుంగింది. మా అత్త కళ్లు పోగుల మీదే ఉన్నాయి. తల ఎత్తకుండా, రోజూ అన్నట్టే, "ఇడ్వకురా!" అంది.

ఆయన ఆగాడు. అడుగు వెనక్కి తీసుకొని మళ్లీ వాలి బిగబట్టాడు.

లారీ ఏమీ దూకుతూ రాలేదు. సామేలు బ్రేకు తొక్కాడు, చక్రాలు ఆగడం నేను చూశాను. కానీ మేం పారబోసిన గంజితో నేలంతా జారుడుగా ఉంది, లారీ మీద మోయలేనన్ని బస్తాలు ఉన్నాయి. చక్రాలు తిరగకుండానే అది ముందుకు జారి వచ్చింది. నేను అరిచానో లేదో నాకు గుర్తు లేదు. అరిచానని తర్వాత బాలరాజు భార్య చెప్పింది.

జనం పరుగెత్తారు. అందరికంటే ముందు చేరింది బుచ్చయ్య మామ, మా వాడకు పెద్ద. కింద పడ్డ మనిషి చేతుల్లోంచి ఆ కర్రను తీసుకొని, వెనక్కి వాలి బిగబట్టాడు. ఆ తర్వాతే మిగిలినవాళ్లు ఆయన్ను లేపారు. ఎందుకలా చేశావని బుచ్చయ్య మామను ఆ రోజు గానీ తర్వాత గానీ ఎవరూ అడగలేదు. అడగాలని మాకు తోచలేదు. మేం సాలెవాళ్లం. చుట్టడం ఎవరు పూర్తి చేశారో తెలియదు గానీ, పడుగు నేలకు తగలలేదు.

ఆయన్ను దవాఖానకు ఆ లారీలోనే తీసుకుపోయాం. సామేలే నడిపాడు. బస్తాలు దించే వ్యవధి లేక వాటి మీదనే పడుకోబెట్టి, తల నా ఒళ్లో పెట్టారు. దారిలో కళ్లు తెరిచాడు.

"పడుగు పడ్డదా?" అన్నాడు.

"పడలే" అన్నాను.

ఇంకేమైనా అడుగుతాడని ముఖంలోకే చూస్తూ కూర్చున్నాను. దవాఖాన చేరేసరికి నా ఒళ్లో ఉన్నది ఆయన కాదు.

*

మర్నాడు పోలీసు ఠాణా నుంచి అమీను సాబు వచ్చాడు. వెంట జవాన్లు. మూల దగ్గర్నుంచి మా ఇంటి దాకా అడుగులతో కొలిచారు. ఒక జవాను గంజి పారిన చోట కాలు జారి పడబోయి, పక్కవాడి భుజం పట్టుకున్నాడు. అమీను వంగి నేలను వేలితో తాకి చూశాడు.

"సర్కారీ బాట మీద ఇది ఎవలు పోసిండ్రు? దారాలు ఎవలు కట్టమన్నరు?" అన్నాడు.

 ఆ ప్రశ్నకు వాడకట్టంతా బెదిరింది. బాట మీద పడుగు చాపడం మా తాతల నాటి నుంచి ఉంది. చాపమని ఎవరూ చెప్పలేదు, చాపొద్దనీ ఎవరూ చెప్పలేదు. తప్పు మాదని కాగితం మీద ఎక్కితే చాపొద్దని చెప్పడానికి ఆ కాగితం చాలు.

దినాలు అయ్యాయి. నా చేతుల గాజులు తీయించారు, బొట్టు తుడిచారు. అది జరిగిన సాయంత్రమే మా అరుగు మీద వాడ పెద్దలందరూ కూడారు.

"ఇగో, అందరు ఒక్క మాట మీద ఉండాలె" అన్నాడు బుచ్చయ్య మామ. "హారన్ కొట్టలే. లారీ మూల తిరిగిందే మనకు తెల్వదు. గంతే."

"కొట్టిండు కద మామా. నేను ఇన్న" అన్నాడు పక్కింటి బాలరాజు.

"నువ్వు ఇన్నది నీ తాననే పెట్టుకో. మన తప్పని రాస్తే రేపటి సంది ఈ బాట మీద పడుగు సాపనియ్యరు. ఇన్ని కొంపలు ఏం తిని బతకాలె? పోయినోడు ఎట్లనో పోయిండు. నాకు మాత్రం వాడు పరాయోడా? నా చేతుల మీద పెరిగిండు." ఆయన కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. అది నటన కాదు. బుచ్చయ్య మామ చెడ్డవాడని నేను ఈనాటికీ అనను.

తిమ్మప్ప సావుకారి కూడా వచ్చాడు. రాయచూరు వైపు మనిషి. అరుగు ఎక్కకుండా కిందనే నిలబడి, తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఏన్ మాడోదమ్మా, ఏం చేస్తం, అంతా నసీబు. వాణ్ని నేను అప్పుడే తీసేసిన. తాగి తోలిండంట బద్మాష్" అన్నాడు. సామేలు తాగడని ఊరికంతా తెలుసు. అక్కడ తాగేది ఏదైనా ఉంటే ఆ లారీ ఒక్కటే, బిందెలకు బిందెలు నీళ్లు. బస్తాల మాట తిమ్మప్ప ఎత్తలేదు.

అలా సావుకారికీ వాడకట్టుకూ అమీనుకూ పనికొచ్చే తప్పు ఒకటే దొరికింది. ఆ తప్పుతో సామేలును ఠాణాలో, హవాలాతులో పెట్టి తాళం వేశారు.

అందరికంటే ఎక్కువగా ఆ తప్పును పట్టుకున్నది మా అత్త. పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, పేట వైపు తిరిగి, గుప్పెడు దుమ్ము తీసి ఎగజల్లేది. "నీ చేతులు పడిపోను! నా ఇంటి దీపం ఆర్పితివి కదరా! నీ పెండ్లాం నా కోడలి లెక్క కావాలె!" ఆ శాపాలు వింటూ నేను కసువు ఎత్తేదాన్ని. మా అత్త మీద నాకు కోపం లేదని చెబితే అబద్ధం. ఆమె అన్న మాట నా చెవుల్లో ఉంది. ఆమె వంగి అన్నం వడ్డిస్తుంటే ఆ మాటే వినిపించేది. పోయినాయన మీద ఇంకా ఎక్కువ కోపం. నేను చెప్పిన మాట ఒక్కటైనా విన్నావా, ఆ ఒక్క మాట వినకపోతే ఏం పోయేదని లోపల్లోపల తిట్టుకునేదాన్ని. పైకి మాత్రం ఏమీ అనలేదు. అంటే ఆ ముసలిది ఏమైపోతుందో నాకు తెలుసు.

*

ఒక మిట్టమధ్యాహ్నం ఒకామె చంకలో పిల్లతో వచ్చి మా మెట్టు కింద, ఎండలో నిలబడింది. చెప్పులు లేవు. ఒక కాలి మీద ఇంకో కాలు మార్చి మార్చి పెడుతోంది.

"అమ్మా, నేను సామేలు పెండ్లాన్ని. ఎస్తేరును."

తలుపు వేయడానికి నా చేయి లేచింది. చంకలోని పిల్ల ఎండకు కళ్లు మూసుకొని తల్లి భుజం నాకుతోంది. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చాను. దోసిలి పట్టింది. పై నుంచి పోశాను. ముందు పిల్లకు తాగించి తర్వాత తను తాగింది. మా కాలం అటువంటిది, చెంబు చేతికి ఇవ్వలేదు.

"ఇడ్సిపెట్టుండ్రి అని అడగనీకి రాలేదమ్మా" అంది. "హవాలాతు కాడికి పోయిన. మనిషి తిండి తింటలేడు. ఒక్కటే మాట అంటుండు. అన్న పక్కకు జరిగిండు, నేను సూసిన, జరిగినంక మళ్ల ఆగిండు, ఎందుకు ఆగిండో తెల్వదు అంటుండు. నిద్రల గూడ గదే, ఎందుకు ఆగిండు, ఎందుకు ఆగిండు అని. పిచ్చి లేస్తదేమో అని భయమైతుంది. మీకేమన్న తెలుసా అమ్మా?"

లోపల మా అత్త రాట్నం మీద కండెలు చుట్టుతోంది. ఆ చప్పుడు ఆగింది.

"తెల్వదు" అన్నాను నేను.

ఎస్తేరు "సరే అమ్మా" అని, పిల్లను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకొని పోయింది. నేను తిరిగి వచ్చేసరికి మా అత్త రాట్నం ముందు చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చొని ఉంది. నన్ను చూసి మళ్లీ తిప్పడం మొదలుపెట్టింది. దారం తెగిపోయి ఉంది. తెగిన దారంతోనే ఉత్త కండెను తిప్పుతూ పోయింది.

పొద్దుగూకే ముందు జొన్నరొట్టె తింటూ అడిగింది.

"పిల్లా, ఆ పొద్దు నేనేమన్న అన్ననా?"

"ఏ పొద్దు అత్తా?"

"పడుగు సుట్టేటప్పుడు."

"ఏమనలే."

"ఏందో అన్నట్టు యాదికొస్తుంది."

"రోజు ఏదో ఒకటి అంటనే ఉంటవు. ఆ పొద్దు ఏమనలే."

ఆమె నా వైపు చూడలేదు. తుంచిన రొట్టె ముక్కను నోట్లో పెట్టుకోకుండా మళ్లీ పళ్లెంలోనే పెట్టింది. మర్నాటి పొద్దున వాకిలి ఊడ్చి చీపురు మూలన పెట్టి లోపలికి వచ్చేసింది. దుమ్ము ఎత్తిపోయలేదు.

*

కేసు విచారణకు మున్సబు కచేరీ నుంచి పిలుపు వచ్చింది. మా అత్త సాక్ష్యం కూడా కావాలన్నారు. "ఏం లేదు జములక్కా" అని బుచ్చయ్య మామ దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. "అడిగితే కొట్టలే అను. ఇంకోటి అనకు." ఆమె తల ఊపుతూ నడిచింది.

సామేలును బేడీలతో తెచ్చారు. గడ్డం పెరిగి, చెంపలు లోపలికి పోయి, నేనైతే వెంటనే గుర్తు పట్టలేదు. తీర్పు చెప్పే మున్సబు సాబు పెద్ద వయసు మనిషి. ఆయన ఉర్దూలో అడిగేది కచేరీ గుమాస్తా పేష్కారు తెలుగులో చెప్పేవాడు. బుచ్చయ్య మామ హారన్ కొట్టలేదన్నాడు. బాలరాజు నేల చూస్తూ కొట్టలేదన్నాడు. తిమ్మప్ప మనిషి వచ్చి డ్రైవరు తాగి ఉన్నాడన్నాడు. తర్వాత మా అత్తను పిలిచారు.

"హారన్ కొట్టిండా, లేదా? గంతే సెప్పమ్మా" అన్నాడు పేష్కారు.

"కొట్టిండు" అంది మా అత్త.

వెనక బుచ్చయ్య మామ దగ్గాడు.

"రోజు కొట్టినట్టే కొట్టిండు. నా కొడుకు ఇన్నడు. పక్కకు జరిగిండు. పడుగు కుంగింది. నేను రోజు అన్నట్టే అన్న, ఇడ్వకురా అని. వాడు ఆగిండు."

పేష్కారు రాయడం ఆపాడు. బుచ్చయ్య మామ లేచి నిలబడి చేతులు జోడించాడు. "కొడుకు పోయిన మనిషి సాబ్. పరేషాన్ల ఏందో అంటుంది."

"పరేషాన్ గిరేషాన్ ఏం లేదు బుచ్చయ్యా. కూసో" అంది మా అత్త. తర్వాత సామేలు వైపు తిరిగింది. అంతకుముందు ఆమె అతనితో ఎప్పుడూ మాట్లాడలేదు. "నువ్వు అడిగినవంట కద బిడ్డా, ఎందుకు ఆగిండని. గిందుకు ఆగిండు. నేను అన్న, ఆగిండు."

సామేలు బేడీలతో సహా నేల మీద కూలబడ్డాడు. "రాయకుండ్రి దొరా" అన్నాడు. "అమ్మ మాట కాయితంల రాయకుండ్రి. నేనే తొక్కిన. నాదే తప్పని రాయుండ్రి." పక్కనున్న జవాను అతన్ని లేపబోయి, ఎందుకో లేపకుండా వదిలేశాడు.

మున్సబు సాబు చాలాసేపు ఏదో రాశాడు. పేష్కారు చదివి చెప్పాడు. ఇది ఇత్తెఫాకుగా, అనుకోకుండా జరిగిన చావు. ఎవరి మీదా నేరం లేదు. డ్రైవరును వదిలేయాలి. ఇకమీదట టేషను బాట మీద పడుగులు చాపకూడదు.

సామేలుకు బేడీలు తీశారు. జనం కదిలారు. మా అత్త నిలబడ్డ చోటనే ఉంది.

"మరి నాకేం సజా సాబ్? ఏం శిచ్చ?" అంది.

ఈసారి పేష్కారు అవసరం లేకుండా మున్సబు సాబే వచ్చీరాని తెలుగులో చెప్పాడు. "సజా ఎందుకమ్మా? అమ్మ కొడుక్కు ఒక మాట చెప్పింది. అది జుర్మ్ కాదు, నేరం కాదు. ఇంటికి పో."

"జుర్మ్ కాకుంటే మరి ఏంది?"

ఆయన పేష్కారు వైపు చూశాడు. పేష్కారు తరవాతి కేసువాళ్ల పేరు పిలిచాడు. నేను పోయి ఆమె రెక్క పట్టుకొని బయటకు తెచ్చాను.

*

వాడకట్టు మాతో మాట్లాడడం మానేసింది. పడుగులన్నీ ఊరి బయట, కోట కందకం అవతలి పడావు బీడు భూమికి మోసుకుపోవాల్సి వచ్చింది. అక్కడ గాలికి దుమ్ము లేచి గంజి మీద పడేది. పొద్దున సగం నడకకే పోయేది. "అక్కా, వాడకట్టు నోట్ల మట్టి కొట్టినవు" అని బుచ్చయ్య మామ ఒకసారి అని, తర్వాత అది కూడా అనలేదు. బాలరాజు భార్య నా ఎదురు వస్తే బిందె ఇంకో చంకకు మార్చుకొని పోయేది.

వీపనగండ్ల నుంచి మా అన్న బండి కట్టుకొని వచ్చాడు, నన్ను తీసుకుపోదామని. పడుగు దిగినంక వస్తానని చెప్పాను. పెండ్లివారి చీరలు నేయాలి కదా. పైగా ఆమెను ఒక్కదాన్ని వదిలి ఎక్కడికి పోతాను? మా అన్న మా అత్త పక్కన కూర్చొని, "నీ తప్పేం లేదు అత్తమ్మా, అంతా తలరాత" అని చాలాసేపు చెప్పి పోయాడు. చుట్టం చూపుగా వచ్చిన ఒకరిద్దరూ అదే చెప్పారు. విన్నప్పుడల్లా ఆమె ఇంకాస్త ముడుచుకుపోయేది. తినడం తగ్గింది. మాట తగ్గింది.

మా గద్వాల చీరకు మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. నడిమి బట్ట వేరు, అంచు వేరు. ఆ రెంటినీ పోగు పోగుకూ ముడేసుకుంటూ నేయాలి. ఇదివరకు ఆయనా నేనూ కూర్చునేవాళ్లం. ఇప్పుడు ఆయన చోట మా అత్త దిగింది. ఆమెకు పని వచ్చు, చూపే ఆనదు. ఆ పడుగు ఎంత బాగా ఆరిందంటే, నేసేటప్పుడు ఒక్క పోగు తెగలేదు. తెగితే బాగుండునని నేను కోరుకున్న పూటలు ఉన్నాయి.

మిరుగు కార్తె దాటాక ఒక పూట వాన పట్టుకుంది. చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి. చీర సగానికి పైగా అయింది. మా అత్త పేక పోగు దూసే నాడెను నా వైపు విసరకుండా చేతిలోనే పట్టుకొని కూర్చుంది.

"రాధా" అంది. ఎప్పుడూ పిల్లా అనేదే గానీ పేరు పెట్టి పిలిచేది కాదు. "అందరు సెప్పిండ్రు. లారీ అంటరు, గంజి అంటరు, తలరాత అంటరు. మున్సబు గూడ సెప్పిండు. నువ్వొక్కదానివే ఏం సెప్పలే. నువ్వు సెప్పు. తప్పెవలది?"

ఆ ఎండాకాలం మొత్తంలో నన్ను ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే. ఏమని చెప్పను? బస్తాలు ఎక్కువ ఎక్కించిన తిమ్మప్పది, గంజి పారబోసిన మా అందరిది, అమ్మ మాట దాటని ఆ మూర్ఖుడిది, నీది మాత్రం కాదత్తా అని ఇంకోసారి చెప్పగలిగేదాన్ని. చెబితే ఆమె తల ఊపి, నాడె విసిరేది. అలా తల ఊపుతూ ఊపుతూనే ఒకరోజు ఎండిపోయేది. ఆమె ముఖం చూశాను. ఆయన పోయిననాటి నుంచి ఆ కళ్లలో శాపాలు చూశాను, భయం చూశాను, ఒక్క చుక్క నీరు చూడలేదు.

"నీదే అత్తా" అన్నాను.

ఆమె నన్నే చూస్తోంది. "ఇంకోపారి సెప్పు."

"నీదే. నువ్వు ఇడ్వకు అన్నవు. ఆయన ఇడ్వలే."

కోపంతో అన్నానో జాలితో అన్నానో నాకు తెలియదు. రెండూ ఉన్నాయి. మా అత్త నాడె కింద పెట్టింది.  తర్వాత "మార్కండా" అని ఒక్క కేక పెట్టి నా ఒళ్లో పడిపోయింది. ఆ ఏడుపు ఎన్నాళ్ల నుంచి లోపల ఉందో, ఆమె ఒళ్లంతా కదిలిపోతోంది. నేను ఆమె తల పట్టుకొని, మగ్గం గుంటలో కూర్చొని, నా గొంతు కూడా ఆపుకోకుండా ఏడ్చాను. మా ఇంట్లో ఇంకెవరో పోయారనుకొని, మాతో మాట్లాడని ఆ వాడకట్టంతా వానలో తడుస్తూ పరుగెత్తుకొచ్చింది.